నచ్చకపోతే నన్నడగండి

"ఈ సరుకు బాగాలేదండీ, తీసుకోకండి" అని చెప్పిన దుకాణదారుణ్ణి మీరు ఇంతవరకు ఎంతమందిని చూశారు? వేళ్ళ మీద లెక్క పెట్టవచ్చు. తన పెరుగు పుల్లనిదని ఎవరూ చెప్పుకోరు గదా! మామిడిపళ్ళ బండి దగ్గరకి వెళ్ళి "తియ్యగా ఉంటాయా?" అని అడగటం మన అమాయకత్వం. "పంచదారండీ బాబూ!" అనటం అతని ధర్మం. ఇంటికి తెచ్చి కోసుకున్నాక పులిస్తే, అది మన ప్రారబ్ధం.

అయితే ఎప్పుడో ఒకసారి, ఏ బట్టల కొట్లోనో, ఒక ముసలి గుమాస్తా మీ చేతిలోని చీర మెల్లిగా వెనక్కి తీసుకుని, "ఇది రెండు ఉతుకులకి వెలిసిపోతుందమ్మా. ఆ పక్కది చూడండి" అన్నాడనుకోండి. ఇక మీరు ఆ కొట్టు వదలరు. పదేళ్ళ తరవాత కూతురి పెళ్ళి బట్టలకి కూడా అక్కడికే వెడతారు. ఆ గుమాస్తా ఉన్నాడా అని అడిగి మరీ కూర్చుంటారు. ఆ రోజు ఆ ఒక్క చీర అమ్మకపోవటం వల్ల అతను సంపాదించుకున్న ఆస్తి అది.

పుస్తకాల దగ్గర ఇల్లాంటి మనిషి అవసరం మరీ ఎక్కువ. చీరైతే మడత విప్పి చూడవచ్చు, పండైతే వాసన చూడవచ్చు. పుస్తకం రుచి చదివితే గాని తెలియదు. పూర్తిగా చదివాక ఇక కొనవలసిన పనే ఉండదు! అంచేత మన కంటె ముందుగా ఎవరో ఒకరు చదివి, "ఇది నీకు బాగుంటుంది, అది నీకు పనికిరాదు" అని చెప్పాలి. ఆ చెప్పటమే తమ వ్యాపారానికి మూలధనం చేసుకున్న దుకాణాలు అమెరికాలో, ఇంగ్లండులో కొన్ని ఉన్నాయి. అవి కామిక్స్ అమ్మే దుకాణాలు. ఈ వారం వాటి సంగతి ముచ్చటించుకుందాం.

కామిక్స్ అంటే మనలో చాలామందికి ఒకటే బొమ్మ కళ్ళముందు కదులుతుంది. లాగు పైన లాగు తొడుక్కుని, భుజాన దుప్పటి కట్టుకుని ఆకాశంలో ఎగిరే కండల వీరుడు. ఆయన ఉన్నాడు, లేకపోలేదు. కాని ఇప్పుడు ఆ దుకాణంలో ఆయనది ఒక గోడ మాత్రమే. మిగిలిన గోడల మీద తండ్రి చావు గురించి కూతురు గీసి రాసిన కథ ఉంటుంది. యుద్ధం, జైలు, వంట, గణితం, బడిలో ఒంటరితనం, ముసలితనం, అన్నిటి మీదా పుస్తకాలుంటాయి. ఇరవై ముప్ఫయి పేజీల పల్చటి సంచికలుగా నెలనెలా వచ్చేవి కొన్ని. మొదలూ తుదీ ఉన్న పూర్తి కథగా, గట్టి అట్టతో వచ్చేవి మరి కొన్ని. ఈ రెండో రకాన్ని గ్రాఫిక్ నవల అంటున్నారు.

ఈ పేరును లోకంలో నిలబెట్టినవాడు విల్ ఐస్నర్ అనే పెద్ద చిత్రకారుడు. న్యూయార్కులో బ్రాంక్స్ పేటలోని పేద యూదుల అద్దె ఇళ్ళ బతుకుల మీద "ఎ కాంట్రాక్ట్ విత్ గాడ్" అనే పుస్తకం ఆయన 1978లో వేశాడు. దాన్ని ఒక పెద్ద పుస్తకాల దుకాణం వాళ్ళు తెప్పించారట. పేరులో దేవుడున్నాడు గదా అని మత గ్రంథాల్లో పెట్టారు. అక్కడ పనికిరాదన్నారు. బొమ్మలున్నాయి గదా అని హాస్య గ్రంథాల్లో పెట్టారు. చదివినవాడికి నవ్వు రాలేదు. ఇల్లా తిరిగి తిరిగి ఆ పుస్తకం నేలమాళిగ పాలయిందని ఐస్నరే తర్వాత నవ్వుతూ చెప్పుకునేవాడు. పుస్తకం మంచిది, దుకాణం పెద్దది, కొనేవాళ్ళూ ఉన్నారు. లేనిదల్లా, ఆ పుస్తకం చదివి, "ఇదిగో, ఇది మీకోసం" అని ఒకరి చేతిలో పెట్టే మనిషి!

ఆ మనిషి కామిక్స్ దుకాణంలో దొరికాడు. దొరకటానికి కారణం ఆ గుమాస్తాల మంచితనం ఒక్కటే కాదు. ఆ వ్యాపారం తీరే అల్లాంటిది. కాస్త ఓపికగా వింటే అందులో మంచి కిటుకుంది.

పూర్వం అమెరికాలో కామిక్స్ మన రైల్వే స్టేషన్లలో వారపత్రికల్లాగే అమ్ముడయ్యేవి. మందుల కొట్టు, కిళ్ళీ కొట్టులాంటి కొట్టు, పేపర్ల బంకు, ఎక్కడ పడితే అక్కడ ఒక తిరుగుడు స్టాండు. అమ్ముడుపోయినవి పోగా, మిగిలినవాటి అట్ట పైభాగం చించి పంపిస్తే చాలు, కొట్టువాడి డబ్బు అతనికి జమ. అంచేత ఏ పుస్తకం మంచిదో, ఏది చెత్తో అతనికి అక్కర్లేదు. అతను పుస్తకం విప్పి చూసేవాడు కాదు. కట్ట మాత్రం విప్పేవాడు.

ఈ ఏర్పాటును మార్చినవాడు ఒక బడిపంతులు. పంతుళ్ళకి ఈ గొప్ప దక్కటం అరుదు గనక నేను కాస్త గర్వంగానే రాస్తున్నాను. బ్రూక్లిన్‌లో ఉన్నత పాఠశాల పిల్లలకి ఇంగ్లీషు చెప్పే ఫిల్ స్యూలింగ్ అనే ఆయన 1970ల మొదట్లో ప్రచురణకర్తల దగ్గరకి వెళ్ళి ఒక బేరం పెట్టాడు. "మీ పుస్తకాలు నాకు ఎక్కువ తగ్గింపు మీద ఇవ్వండి. ఒక్క ప్రతి కూడా తిరిగి పంపను. మిగిలితే నష్టం మాది" అన్నాడు. ప్రచురణకర్తలు ఒప్పుకున్నారు. ఆ పద్ధతి మీదనే దేశమంతటా కామిక్స్‌కే ప్రత్యేకించిన దుకాణాలు వెలిశాయి.

ఈ బేరంలో మెలిక చూశారా? మిగిలిన పుస్తకం వెనక్కి పోదు. పైగా దుకాణదారు అచ్చు కావటానికి రెండు మూడు నెలల ముందే, జాబితాలో నాలుగు వాక్యాలూ ఒక బొమ్మా చూసి, ఏది ఎన్ని ప్రతులో రాసి పంపాలి. పదింటికి బదులు ముప్ఫయి రాస్తే ఇరవై ప్రతులు ఇంట్లో పడి ఉంటాయి. అద్దె కట్టాలి, దీపాల ఖర్చు కట్టాలి. ఇక ఏం చేస్తాడు? సరుకు చదువుతాడు. తన కొట్టుకి వచ్చే మనుషుల్ని కూడా చదువుతాడు. ఏ పుస్తకానికి ఏ మనిషి సరిపోతాడో జాతకాలు చూసే సిద్ధాంతి లాగా జత కలుపుతాడు. కలపకపోతే మునిగేది తనే.

ఆ దుకాణాల్లో కొత్త పుస్తకాలు వచ్చేది బుధవారం. ఏళ్ళ తరబడి అదే రివాజు. మన ఊళ్ళో వారపత్రిక వచ్చే రోజున సీరియల్ పాఠకులు కిళ్ళీ కొట్టు దగ్గర ఎల్లా చేరేవారో, బుధవారం సాయంత్రం అక్కడా అల్లాగే చేరతారు. పాత ఖాతాదార్ల పేర రాసిన అరలుంటాయి. ఎవరెవరు ఏ కథ అనుసరిస్తున్నారో చూసి, ఆ సంచిక తీసి ఆ అరలో పెడతారు. మన అద్దె పుస్తకాల కొట్లు జ్ఞాపకం ఉన్నాయా? కొత్త నవల రాగానే, "పిన్నిగారి కోసం దాచాను, రేపటికి ఇచ్చెయ్యండేం" అని బల్ల కిందనుంచి తీసి ఇచ్చే కుర్రవాడు ఉండేవాడు. ఆ కుర్రవాడి అమెరికా అన్నగారే ఈ గుమాస్తా.

మరొక విశేషం చీటీలు. పుస్తకం కింద బీరువా అంచుకి చిన్న అట్టముక్క అంటించి, ఆ కొట్లో పనిచేసే వాళ్ళు స్వదస్తూరీతో నాలుగు వాక్యాలు రాస్తారు. "ఇది చదివి రెండు రోజులు మా అమ్మతో పోట్లాడలేదు" అనే తరహాలో ఉంటాయి. కింద రాసినవారి పేరు. ఆ పేరే ముఖ్యం. పేరు పెట్టాక అది ప్రకటన కాదు, పూచీకత్తు. నచ్చకపోతే వచ్చేవారం ఆ పేరుగల మనిషిని పట్టుకుని నిలదీయవచ్చు. ఇంగ్లండులో నాటింగ్‌హామ్ అనే ఊళ్ళో 1994లో తెరిచిన "పేజ్ 45" అనే దుకాణం ఈ విద్యలో పేరుమోసింది. అమ్మే పుస్తకాలకి ఆ దుకాణం వాళ్ళే ఓపిగ్గా సమీక్షలు రాస్తారు. దాన్ని నడిపేవాళ్ళ అభిరుచే దాని సరుకు.

అయితే సిఫార్సు చేసిన ప్రతివాడూ మహానుభావుడని కాదు. ఈ వ్యాపారం చరిత్రలో సిఫార్సు వక్రించిన రోజులు కూడా ఉన్నాయి. చెప్పకపోతే కథ ఒంటికాలి మీద నడుస్తుంది.

సూపర్‌మాన్ మొట్టమొదట కనిపించిన 1938 నాటి సంచిక వెల 10 సెంట్లు. అల్లాంటి పాత ప్రతులు వేలంపాటల్లో బంగారపు ధర పలుకుతున్నాయని పత్రికల్లో వచ్చేసరికి జనానికి ఆశ పుట్టింది. (ఆ 10 సెంట్ల ప్రతి ఒకటి 2014లో 32 లక్షల డాలర్లు పలికింది. ఆశ పుట్టిందంటే పుట్టదూ మరి!) 1992 నవంబరులో సూపర్‌మాన్ చచ్చిపోయే సంచిక వేశారు. నల్లటి సంచిలో పెట్టి, సంతాపానికి చేతికి కట్టుకునే నల్లగుడ్డ కూడా జత చేశారు. దుకాణాల ముందు బారులు తీరారు. లక్షలకు లక్షలు అమ్ముడుపోయాయి. ఒక్కొక్కరు నాలుగూ అయిదూ కొన్నారు. "సంచి విప్పకండి, అల్లాగే దాచండి, మీ పిల్లల కాలేజీ చదువుకి పనికొస్తుంది" అని చెప్పిన దుకాణదార్లకు లోటులేదు.

చదవకండి, దాచండి అని పుస్తకాల కొట్టువాడే చెప్పటం! వంటవాడు వచ్చి "అన్నం తినకండి, ఇనప్పెట్టెలో పెట్టండి" అన్నట్టుంది.

తరవాత ఏమైందో ఊహించుకోవచ్చు. పాత ప్రతులకి ధర పలికింది అవి అరుదు గనక. పిల్లలు చదివి, చించి, పడవలు చేసుకుని, చిత్తు కాగితాలకి వేస్తే, మిగిలినవి ఏవో కొన్ని. ఈ సంచికలేమో లక్ష ఇళ్ళల్లో లక్షా భద్రంగా ఉన్నాయి. ఇక ఎవరు కొంటారు? ఆ చచ్చిపోయిన వీరుడు కూడా మరుసటి ఏడు, 1993లో, తిరిగి లేచి వచ్చాడు. మోసపోయామనుకున్న జనం మాత్రం కొట్లకి తిరిగి రాలేదు. ఆ తరవాతి మూడు నాలుగేళ్ళలో ఎన్నో దుకాణాలు మూతపడ్డాయి. మాటని అమ్ముకున్నవాడికి సరుకు మిగిలింది, మాట మిగలలేదు.

సరిగ్గా ఆ గందరగోళం రోజుల్లోనే, దానికి పక్కగా, మరొక కథ నడిచింది. ఒహాయో రాష్ట్రంలో జెఫ్ స్మిత్ అనే చిత్రకారుడు 1991లో "బోన్" అనే కథ సొంత ఖర్చుతో అచ్చు వెయ్యటం మొదలుపెట్టాడు. రంగుల్లేవు, నలుపూ తెలుపూ. పెద్ద సంస్థ అండ లేదు. ఆయన భార్య విజయా అయ్యర్ తన ఉద్యోగం మానుకుని వచ్చి ఆ చిన్న ప్రచురణ సంస్థ నడిపింది. ఊరినుంచి తరిమివేయబడ్డ ముగ్గురు బుల్లి అన్నదమ్ముల బిడ్డలు, ఒక లోయ, ఒక డ్రాగన్, ఆవులతో పోటీపడి పరుగెత్తే బామ్మ, ఇదీ కథ. దాచుకుంటే డబ్బొస్తుందని ఎవరూ చెప్పలేదు. దుకాణాల్లో గుమాస్తాలు "ఆ బామ్మ పరుగుపందెం దాకా చదవండి, తరవాత మీ ఇష్టం" అని చేతిలో పెట్టారు. అల్లా అల్లా 55 సంచికలు సాగి, 2004లో 1300 పైచిలుకు పేజీలతో కథ ముగిసింది. 2005లో స్కొలాస్టిక్ అనే పెద్ద పిల్లల ప్రచురణ సంస్థ గ్రాఫిక్ నవలలకి ప్రత్యేక శాఖ తెరిచి, మొదటి పుస్తకంగా దీన్నే రంగులు వేయించి ప్రచురించింది. ఇవాళ ఆ దేశంలో ప్రతి బడి లైబ్రరీలోనూ పిల్లలు కొట్టుకుని చదివే బొమ్మల నవలల దారి ఆ కొట్ల బల్లల మీదనుంచి కూడా వచ్చిందన్నమాట.

ఈ గుమాస్తా విద్య నేను స్వయంగా చూశాను. అమెరికాలో ఉన్న మా చెల్లెలి ఇంటికి ఒక వేసవిలో వెళ్ళినప్పటి సంగతి. మేనల్లుడికి పన్నెండో ఏడు. కొత్త ఊరు, కొత్త బడి. వాడు పుస్తకం ముట్టడని మా చెల్లెలి బెంగ. "ఎన్ని కొన్నా అట్ట తెరవడన్నయ్యా! నువ్వు మేష్టరువి కదా, నువ్వు చెప్పు" అంది. నేను చెప్పటం, వాడు వినటం, రెండూ ఫలించేవి కావని మా ఇద్దరికీ తెలుసు. ఆ సాయంత్రం బజారులో ఇల్లాంటి దుకాణం కనిపిస్తే ముగ్గురం లోపలికి వెళ్ళాం.

మా చెల్లెలు ముందుగా ఒక పుస్తకం తీసింది. అట్ట మీద బిడ్డకి పాలిస్తున్న తల్లి బొమ్మ. తల్లికి రెక్కలు, పక్కన నిలబడ్డ తండ్రికి కొమ్ములు. "పాపం, చక్కటి కుటుంబ కథలా ఉంది" అంది. బల్ల దగ్గరున్న పిల్ల గబగబా వచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో, జుట్టుకి నీలిరంగు వేసుకుంది. "కుటుంబ కథేనండీ, నాకు ప్రాణం. కాని ఇది పెద్దవాళ్ళది. మీరు చదవండి, అబ్బాయికి ఇప్పుడే వద్దు" అని తీసుకుని అరలో పెట్టేసింది. అది 2012లో మొదలైన "సాగా" అనే ప్రసిద్ధమైన కథట. లోపల రెండు పేజీలు తిప్పి చూసిన మా చెల్లెలు ఆ నీలిజుట్టు పిల్ల వైపు, పెళ్ళిచూపుల్లో నచ్చిన కోడల్ని చూసినట్టు చూసింది.

తరవాత ఆ పిల్ల మావాడి దగ్గరకి వెళ్ళింది. "నీకు ఏం చదవటం ఇష్టం?" అని అడగలేదు. అడిగితే "ఏమీ లేదు" అనేవాడు. "ఈమధ్య ఏ సినిమా చూసి నిద్రపోకుండా కూర్చున్నావు?" అని అడిగింది. వాడు చెప్పాడు. "బడిలో అన్నిటికంటె అసహ్యమైన గంట ఏది?" అంది. "మధ్యాహ్నం భోజనం గంట" అన్నాడు. మా చెల్లెలు ఉలిక్కిపడింది. ఎవరి పక్కన కూర్చోవాలో తెలియదట వాడికి. ఆ మాట మూడు నెలలుగా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆ పిల్ల "ఆహా!" అని జాలిపడలేదు. రెండు పుస్తకాలు తెచ్చింది. ఒకటి "బోన్" మొదటి భాగం. రెండోది జెరీ క్రాఫ్ట్ అనే ఆయన రాసి, గీసిన "న్యూ కిడ్". బొమ్మలు గీసుకునే ఒక నల్లజాతి కుర్రవాడు, తనలాంటి వాళ్ళు కొద్దిమందే ఉన్న ఖరీదైన బడిలో చేరి పడే పాట్ల కథ. 2019లో వచ్చింది. మరుసటి ఏడు, పిల్లల సాహిత్యానికి ఆ దేశంలో ఇచ్చే పెద్ద బహుమతి న్యూబెరీ పతకం దానికి వచ్చింది. ఒక గ్రాఫిక్ నవలకి ఆ పతకం రావటం అదే మొదలు. ఈ బహుమతుల సంగతి ఆమె మాకు చెప్పింది గాని వాడికి చెప్పలేదు. వాడితో "ఇక్కడే నిలబడి నాలుగు పేజీలు చదువు. అయిదో పేజీ తిప్పాలనిపించకపోతే నా చేతికిచ్చెయ్యి" అంది.

వాడు "న్యూ కిడ్" పట్టుకుని గోడకి జేరబడ్డాడు. పది నిమిషాలు గడిచాయి. మా చెల్లెలు నెమ్మదిగా ఆమె దగ్గరకి వెళ్ళి, మన తల్లులందరి సందేహమూ అడిగేసింది. "ఇవన్నీ బొమ్మలే కదమ్మా. వీడు ఇవి మరిగితే అసలు పుస్తకాలు చదువుతాడా?"

ఆ పిల్ల నవ్వి, "పుస్తకం ముట్టనివాడు ముట్టాడు. ముందు వాడు పేజీ తిప్పటం అలవాటు చేసుకోనివ్వండి. ఇదీ చదవటమేనండీ. మాటా చదవాలి, ముఖమూ చదవాలి, ఒక గడికీ మరో గడికీ మధ్య ఏం జరిగిందో వాడే ఊహించుకోవాలి. వచ్చేవారం తీసుకురండి. నచ్చకపోతే నన్నడగండి" అంది. పుస్తకం వెల కంటె ఆ ఆఖరి మాటకి విలువ ఎక్కువని నాకు తోచింది.

"ఇవన్నీ బొమ్మలే కదా" అన్న అనుమానం మన ఆడవాళ్ళకే పుట్టిందనుకోకండి. అమెరికాలో అది ఒకప్పుడు దేశవ్యాప్తమైన భయం. 1940ల చివర్లో కొన్ని ఊళ్ళల్లో కామిక్స్ కుప్పలు పోసి తగలబెట్టారు. 1954లో ఫ్రెడ్రిక్ వర్తమ్ అనే మనోవైద్యుడు, పిల్లలు నేరాల పాలు కావటానికి ఇవే కారణమని పెద్ద గ్రంథం రాశాడు. అదే ఏడు సెనేటు ఉపసంఘం విచారణ చేసింది. హడలిపోయిన ప్రచురణకర్తలు తమకు తామే ఒక నియమావళి పెట్టుకుని, దానికి లోబడ్డ పుస్తకాలకి ముద్ర వేయించుకున్నారు. ఆ ముద్ర పూర్తిగా కనుమరుగయింది 2011లో. అన్ని పుస్తకాలనీ ఒకే గాట కట్టి, అన్ని వయసుల పిల్లలకీ ఒకే నియమం పెట్టటం ముద్ర చేసే పని. "ఇది మీకు, అది అబ్బాయికి, రెండేళ్ళ తరవాత ఇది కూడా అబ్బాయికే" అని విడదీసి చెప్పటం మనిషి చేసే పని. నీలిజుట్టు పిల్ల రెండు నిమిషాల్లో చేసింది అదే.

ఈ పని ఎంత గట్టి పనో 2022లో బయటపడింది. ఆర్ట్ స్పీగెల్‌మాన్ గీసిన "మౌస్" అనే గ్రాఫిక్ నవల ఉంది. హిట్లరు మారణశిబిరం నుంచి బతికి బయటపడ్డ తన తండ్రి కథ. యూదుల్ని ఎలుకలుగా, నాజీల్ని పిల్లులుగా గీశాడు. రెండు భాగాలు 1986లోనూ, 1991లోనూ పుస్తకాలుగా వచ్చాయి. 1992లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం వచ్చింది. టెనెసీ రాష్ట్రంలో మెక్‌మిన్ అనే కౌంటీ పాఠశాలల బోర్డు, కొన్ని తిట్టుమాటలూ ఒక నగ్నచిత్రమూ ఉన్నాయని, 2022 జనవరిలో దాన్ని ఎనిమిదో తరగతి పాఠ్యాంశాల్లోంచి తీసేసింది. అదే రాష్ట్రంలో నాక్స్‌విల్ అనే ఊళ్ళో ఒక కామిక్స్ దుకాణం ఉంది. దాని పేరు "నిర్వాణా కామిక్స్". (మన మాట ఎక్కడెక్కడికి వెళ్ళి బోర్డు కట్టుకుందో చూడండి!) ఆ దుకాణం వాళ్ళు, ఏ విద్యార్థి అడిగినా ఆ పుస్తకం ఉచితంగా ఇస్తామన్నారు. తమ దగ్గరున్న కాసిని ప్రతులతో మొదలుపెట్టారు. సంగతి తెలిసి ఎక్కడెక్కడివాళ్ళో చందాలు పంపితే, మొత్తం లక్ష డాలర్లు దాటింది.

బోర్డు వారిది తప్పా ఒప్పా అని మనం ఇక్కడ తీర్పు చెప్పనక్కర్లేదు. ఏ వయసు పిల్లలకి ఏది చెప్పాలన్నది తల్లిదండ్రులకి నిత్యం ఎదురయ్యే ప్రశ్నే. నేను గమనించమనేది ఒక్కటి. చిల్లర వర్తకం చేసుకునే ఒక కొట్టు, "మేమిది చదివాం, మీ పిల్లలు చదవవలసిందే" అని నలుగురిలో నిలబడి అనగలిగింది. అనటమే కాదు, దానికి తగిన ఖర్చుకి సిద్ధపడింది. చీటీ మీద పేరు రాయటం అలవాటున్నవాళ్ళు గనకనే అది సాధ్యమయింది.

"ఇప్పుడు ఈ దుకాణాలెందుకు? యంత్రమే చెపుతోంది కదా" అంటారు మా కాలేజీ కుర్రాళ్ళు. నిజమే. ఫోను తెరిస్తే చాలు, "ఇది కొన్నవారు అది కూడా కొన్నారు" అని వరసగా చూపిస్తుంది. దాని జ్ఞాపకశక్తికి జోహారు. కాని అది ఏ పుస్తకమూ చదివి రాత్రి నిద్ర మానుకోలేదు. మనం నిన్న ఏం కొన్నామో దానికి తెలుసు గాని, మధ్యాహ్నం భోజనం గంటంటే ఎందుకు భయమో తెలియదు. "ఇది నీకు వద్దు" అనే మాట దాని నోట రానేరాదు. అన్నిటికంటె ముఖ్యం, నచ్చకపోతే వెళ్ళి అడగటానికి అక్కడ ఎవరూ లేరు.

అల్లాగని ఆ దుకాణాలు పూలపాన్పు మీద ఉన్నాయని అనుకోవద్దు. దుకాణాలకి సరుకు చేరవేసే డైమండ్ అనే పెద్ద సంస్థ, ఏళ్ళ తరబడి ఆ వర్తకానికి ఇంచుమించు ఏకైక ఆధారంగా ఉన్నది, 2025 జనవరిలో దివాలా పిటీషను పెట్టింది. చిన్న కొట్లు కొత్త సరఫరాదారుల్ని వెతుక్కోవలసి వచ్చింది. అయినా మే నెల మొదటి శనివారం కామిక్స్ పంచిపెట్టే ఆనవాయితీ ఒకటి పెట్టుకున్నారు. కాలిఫోర్నియాలో కాంకర్డ్ అనే ఊళ్ళో దుకాణం నడిపే జో ఫీల్డ్ ఆలోచనతో 2002లో అది మొదలయింది. వచ్చిన పిల్లలకి ఉచితమే గాని, దుకాణదారుకి ఉచితం కాదు. ఆ ప్రతులకి అతను కొద్దో గొప్పో వెల ఇచ్చుకుంటాడు. ఎవరికి ఏది నప్పుతుందో చూసి ఇస్తేనే వచ్చే బుధవారం మళ్ళీ వస్తారన్నది అతని నమ్మకం.

ఇక మన సంగతి. మన పేటల్లో అద్దె పుస్తకాల కొట్లు చాలామట్టుకు పోయాయి. మూడు తరాలకి చదువు నేర్పిన చందమామ రావటం లేదు. "పిన్నిగారి కోసం దాచాను" అనే కుర్రవాడు ఏ సెల్‌ఫోన్ల కొట్లోనో ఉన్నాడు. మన ఊళ్ళో అల్లాంటి దుకాణం వచ్చేదాకా ఆ గుమాస్తా పని ఎవరు చెయ్యాలి? ఇంట్లో ఎవరో ఒకరు చెయ్యాలి. దానికి పెట్టుబడి అక్కర్లేదు. మూడు పద్ధతులు చాలు.

మొదటిది, చెప్పేముందు అడగటం. "మంచి పుస్తకాలు చదవరా" అనటం సిఫార్సు కాదు, నస. వాడు దేనికి నవ్వుతున్నాడో, దేనికి తలుపేసుకుంటున్నాడో కనుక్కుంటే పుస్తకం దానంతట అదే తడుతుంది. రెండోది, వద్దనవలసినప్పుడు వద్దని, ఎప్పుడు చదవవచ్చో కూడా చెప్పటం. "ఛీ, ముట్టుకోకు" అంటే దొంగచాటుగా చదువుతాడు. "రెండేళ్ళాగు, ఇద్దరం చదువుదాం" అంటే రోజులు లెక్కపెట్టుకుంటాడు. మూడోది, మనం చదివిందే చెప్పటం. బహుమతి వచ్చిందనో, పక్కింటి పిల్ల చదివిందనో చేతిలో పెట్టే పుస్తకానికి మన పూచీ ఏముంటుంది?

ఈ మూడోదే కష్టం. చేతిలో పుస్తకం లేని తండ్రి చేసే సిఫార్సు, నోట్లో కిళ్ళీ పెట్టుకుని వక్క మానమన్నట్టే ఉంటుంది. అంచేత ఈ ఆదివారం మీ ఇంట్లో అలమర దులపండి. మీరు నిజంగా చదివి, నిజంగా నవ్విన, లేదా కంటతడి పెట్టిన పుస్తకం ఒకటి తియ్యండి. అది కథల పుస్తకమైనా సరే, అమర చిత్ర కథ అయినా సరే. చిన్న కాగితం ముక్క మీద, అది మీకెందుకు నచ్చిందో నాలుగు వాక్యాలు రాసి, కింద మీ పేరు పెట్టి, అట్ట లోపల దోపి, పిల్లల మంచం పక్కన ఉంచండి. చదవమని మాత్రం చెప్పకండి.

నాలుగు రోజులకి వాళ్ళే వచ్చి, "ఏం బాగాలేదు నాన్నా" అన్నారనుకోండి. నొచ్చుకోకండి. చదివారన్నమాట! అప్పుడు రెండోది తియ్యండి.